చేత్తో ఏరిన పురుగులు

నందేకి బొబ్బపురుగు సంగతి తెలియక కాదు. ఆమె ఊరు ఇప్పగుంపులో నడక నేర్చిన పిల్లకి కూడా దాని సంగతి తెలుసు. వానలు వెనకపట్టి, చిక్కుడూ కందీ పూతకొచ్చే రోజుల్లో ఎక్కణ్ణుంచో గుంపుగా దిగుతుంది. వేలి కణుపంత ఉంటుంది. నల్లరెక్కల మీద ఎర్రటి పట్టీలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కుట్టదు, కరవదు, మనిషి వస్తే తొందరపడి ఎగిరిపోదు కూడా. పువ్వులో కూర్చుని రేకులు తింటూ ఉంటుంది. పట్టుకుంటే మాత్రం కాళ్ళ కీళ్ళలోంచి నూనెలాంటి పసుప్పచ్చ చుక్క వదులుతుంది. అప్పటికేమీ అనిపించదు. తెల్లారి చూసుకుంటే చుక్క పడ్డచోట నీటిబొబ్బ లేచి ఉంటుంది, నిప్పు తగిలినట్టు.

అందుకని ఆ అడవిలోని దొర్ల తెగవాళ్ళ ఇళ్ళలో దాన్నెవరూ ముట్టరు. మంచుకి రెక్కలు తడిసి ఎగరలేని వేళ చూసుకుని పొద్దున్నే చేలోకి దిగుతారు. కుండలో గుప్పెడు బూడిద వేసి కొమ్మకింద పట్టి, బారెడు కర్రతో పైన తడతారు. పురుగులు కాళ్ళు ముడుచుకుని, చచ్చినట్టు నటిస్తూ కుండలో రాలతాయి. కుండని గుంటలో పూడ్చేస్తారు. పురుగుతోపాటు పూతా కొంత రాలుతుంది. రాలితే రాలింది. పువ్వు కంటే చెయ్యి ముఖ్యమని అక్కడ ఒకరు ఇంకొకరికి చెప్పనక్కర్లేదు.

ఆ పురుగుని నందే మూడు రోజులపాటు ఒట్టి చేతులతో ఏరింది.

జగదల్‌పూర్‌లో రాజు, రాజు మీద ఇంగ్లీషు దొరలు, వాళ్ళందరి కిందా అడవీ ఉన్న కాలం అది. కోంట వైపు వెళ్ళే బండిదారి పక్కన సర్కారు బంగళా ఒకటి ఉండేది. ఏడాదికి ఏ నాలుగు రాత్రులో దొర పడుకునే ఆ ఇంటికి మిగతా మూడువందల అరవై రోజులూ చుట్టుపక్కల ఊళ్ళు చాకిరీ చేసేవి. నీళ్ళు మొయ్యడం, కప్పు నెయ్యడం, దారి గుంటలు పూడ్చడం, గుడారం సామాను మొయ్యడం. ఇంటికొకరు రావాలి, వంతుల ప్రకారం. హిందీవాళ్ళు బేగార్ అంటారు, తెలుగువాళ్ళు వెట్టి అంటారు. కూలి అనే మాట మాత్రం ఏ భాషలోనూ వినపడేది కాదు.

ఆ మూడు రోజులూ ఇప్పగుంపు నుంచి కేసా ఇంటి వంతు. కేసా అప్పటికే గొల్లపల్లి దారిలో రోడ్డు వెట్టికి పోయి పది రోజులైంది. ముసలి తల్లి లక్కేకి నడుము వంగదు. ఇక మిగిలింది కేసా భార్య నందే.

నందే పుట్టిల్లు ఉసూర్ దిక్కున. పొట్టి మనిషి. ముందుపళ్ళ మధ్య సందు. నవ్విందంటే సంతలో ఈ మూల నవ్వు ఆ మూలకి వినపడేది. చింతచెట్టు చిటారుకొమ్మ దాకా ఎక్కి, కిందున్న మగవాళ్ళ నెత్తిన కాయలు రాల్చి, "తలకాయలున్నయా లేవా అని సూత్తన్న" అనే రకం. మొదటి కాన్పు బిడ్డ పురిట్లోనే పోయింది. రెండోది సుక్కి. దానికి అయిదో నెల. గుడ్డలో చుట్టి వీపున కట్టుకుని నందే బంగళాకి బయల్దేరింది.

బంగళాలో మున్షీ పేరు సుందరరావు. రాజమండ్రి వైపు మనిషి. ఆరేళ్ళుగా ఆ అడవిలో ఉంటున్నాడు. జగదల్‌పూర్ కచేరీకి మార్చమని అడగాలని ఆరేళ్ళ కోరిక. కిందటేడు దొర వరండా ముందున్న గులాబీ చూసి ఆగి, బాగుందన్నట్టు తలూపాడట. ఆ తలూపుని పట్టుకుని సుందరరావు ఈ ఏడు రెండు వరసల గులాబీలు, ఒక వరస మందారాలు పెంచాడు. దసరాకి ముందే దొర వస్తున్నాడని కబురొచ్చింది. సరిగ్గా అప్పుడే గులాబీల మీద పురుగు దిగింది.

"కర్ర ముట్టుకోకు," అన్నాడు సుందరరావు, నందే కంచెలోంచి కర్ర పీకబోతుంటే.

"కర్ర లేకుంట ఎట్ల దొరా? ఇయి చెడ్డయి. కుండియ్యి, ఇంత బూడిదియ్యి, పొద్దెక్కకముందే దులిపేస్త."

"దులిపితే రేకులు రాలవూ? దొరగారికి తొడిమలు చూపించనా?"

"పొగ పెడత మరి."

"పొగా? లోపల తెల్లదుప్పట్లు పరిపించాను. ఇల్లంతా కంపు కొడుతుంది. ఇదిగో, ఈ డబ్బాలో కిరసనాయిలుంది. ఒక్కొక్కటీ చేత్తో తీసి ఇందులో వెయ్యి. మొగ్గ కదలకూడదు."

"దొరా, ఇది ఒళ్ళు కాలుస్తది."

"ఇదేమన్నా కందిరీగా? పనెగ్గొట్టడానికి ఎన్ని కథలే మీకు!"

నందే టేకాకు చింపి వేళ్ళకి చుట్టుకుంది. పట్టు చిక్కలేదు. రెండు రేకులు చిరిగాయి. సుందరరావు వచ్చి ఆకు పీకి పారేశాడు.

వేపకొమ్మకి గుడ్డ ఉయ్యాల కట్టి సుక్కిని అందులో పడుకోబెట్టి, నందే పనిలో దిగింది. గులాబీ ముళ్ళు గీరాయి. గీరిన చోటల్లా పసుపు చుక్క మరింత లోపలికి దిగింది. రెండు పురుగులు తీస్తే మూడోది కొంగు మడతలో పడేది. మధ్యాహ్నం బిడ్డకి పాలిచ్చే ముందు వాగుకి పోయి, బూడిదతో మోచేతుల దాకా తోముకుని, రొమ్ము కడుక్కుని, అప్పుడు ఇచ్చింది. ఆమాత్రం జాగ్రత్త ఆమెకి తెలుసు.

రెండో రోజు పొద్దునకి వేళ్ళ సందుల్లో, మణికట్ల మీద బొబ్బలు లేచాయి. లక్కే కళ్ళు చికిలించి చూసి గానుగనూనె రాసింది. "రేపటితో వంతు అయిపోతది, ఓర్సుకో," అంది. సుందరరావు కూడా చూశాడు. పనెగ్గొట్టే కథ కాదని అతనికి అప్పుడే అర్థమైంది. అర్థమయ్యాక కూడా డబ్బా తెచ్చి చేతికిచ్చాడు. ఇంకా ఒక వరస మిగిలే ఉంది.

మూడో రోజు బిడ్డని అత్త దగ్గర వదిలి వెళ్ళింది. చేతులు పైకెత్తి వీపున కట్టుకోలేకపోయింది మరి. చెమట పడితే మోచేత్తో మొహం తుడుచుకుంది. మెడ మీద, చెంప మీద, కొంగు మడతలో పురుగులు నలిగిన చోట రొమ్ము మీద చారలు చారలుగా బొబ్బలు తేలాయి. సాయంత్రానికి గులాబీల మీద ఒక్క పురుగు లేదు. ఒక్క రేకు రాలలేదు. సుందరరావు వరసల మధ్య నడిచి చూసుకుని, "ఇంక పో," అన్నాడు.

ఆమె ఇంటిదారి పట్టేసరికి ఊరికి దారి లేదు.

ఆ మధ్యాహ్నమే వాగవతలి ఊళ్ళో అమ్మవారు పోసిందని కబురొచ్చింది. ఇద్దరు పోయారట. అలాంటి కబురొస్తే ఇప్పగుంపు దారి కట్టేస్తుంది. దారికడ్డంగా రేగుకంప పరిచి, పగిలిన కుండకి పసుపు బొట్లు పెట్టి బోర్లించి, నల్లకోడి ఈకలు కట్టిన కర్ర పాతుతారు. తొమ్మిది రోజులు లోపలివాళ్ళు బయటికి రారు, బయటివాళ్ళు లోపలికి పోరు. తల్లి దారి తప్పి వేరే వైపు పోతుందని నమ్మకం. టీకా వేసేవాడు మూడేళ్ళకోసారి వస్తే వచ్చినట్టు, ఆస్పత్రి దంతెవాడ దాటి ఎక్కడో ఉన్నట్టు వినికిడి. అలాంటి చోట రేగుకంపకి మించిన వైద్యం వాళ్ళకి ఎవరిచ్చారు గనక?

కంప దగ్గర కావలి హడ్మా. నందే పక్కింటివాడు. ఆమెని చూడగానే నాలుగడుగులు వెనక్కి వేసి కేక పెట్టాడు. ఊరు పోగైంది. పూజా, వైద్యం రెండూ చూసే వడ్డె మాసా ముందుకొచ్చాడు. ఆ పొద్దునే వెట్టి నుంచి తిరిగొచ్చిన కేసా, బిడ్డనెత్తుకున్న లక్కే అతని వెనక నిలబడ్డారు.

"ఏందే నందే, మొగంమీద ఏందది?" అన్నాడు మాసా.

"బొబ్బపురుగు మామా! తల్లి కాదు. బంగళా కాడ పురుగులేరిన."

"ఏరుడేంది? దులపలేదా?"

"దులపొద్దన్నడు. చేత్తో తియ్యమన్నడు."

కంప అవతల ఎవరో నవ్వారు. భయంలో కూడా నవ్వొచ్చే మాట అది.

"చేత్తోనా?" అన్నాడు హడ్మా. "బొబ్బపురుగుని? నిప్పుని చేత్తో ఏరమన్నడని చెప్పు, నమ్ముతం."

"పువ్వులు రాలొద్దంట!"

"ఏం కాయ కాస్తది ఆ పువ్వు?"

"ఏం కాయదు. సూస్తరంట."

"సూస్తరంట!" హడ్మా జనం వైపు తిరిగాడు. "విన్నరా? కాయని పువ్వు కోసం మనిషి చేతులు కాల్చుకున్నదంట. జరమొచ్చి మాట్లాడతంది."

నందే లక్కే వైపు తిరిగింది. "అత్తా, నువ్వు చెప్పు. నిన్న నువ్వే నూనె రాసినవు గద!"

లక్కే బిడ్డని గుండెకి అదుముకుంది. తన ఇద్దరు కొడుకులని అమ్మవారికి ఇచ్చుకున్న మనిషి ఆమె. "రాసిన. నిన్న చేతికి రెండో మూడో ఉన్నయి," అంది నెమ్మదిగా. "తల్లి కూడ మొదట రెండు మూడే చూపిస్తది బిడ్డా."

వాళ్ళు దుర్మార్గులు కారు. పురుగుని చేత్తో ఏరించే మనిషి ఉంటాడని ఊహించడం వాళ్ళ చేతకాలేదు, అంతే. దెబ్బలు తెలుసు, తిట్లు తెలుసు, బరువులు తెలుసు. కానీ కడుపుకి రాని పువ్వొకటి ఉంటుందని, దాని రేకు మనిషి చర్మం కంటే విలువైందని వాళ్ళకి ఎవరు చెప్పగలరు? చెప్పిన నందేకి జ్వరం అంటగట్టారు.

కంది చేలో కాపలా మంచె కింద ఆమెని ఉండమన్నారు. పొద్దునా సాయంత్రం సొరకాయబుర్రలో జావ తెచ్చి కంప ఇవతలి బండ మీద పెడతారు. పెట్టినవాళ్ళు వెళ్ళిపోయాక ఆమె తీసుకోవాలి.

మొదటి రాత్రి గడిచింది. పాలు కట్టి రొమ్ములు రాయిలా అయ్యాయి. పిండబోతే బొబ్బలు చితికి ప్రాణం పోయినంత పనైంది. పళ్ళు బిగబట్టి ఆకుదొప్పలో సగం దాకా పిండింది. దాన్ని బండ మీద పెట్టి, "కేసా! పాలు! బిడ్డకి పట్టు!" అని అరిచింది. కేసా వచ్చే లోపలే లక్కే పొడుగాటి కర్రతో దొప్పని తోసేసింది. పాలు బండ మీంచి కారి మట్టిలో ఇంకిపోయాయి.

"పాలల్ల తల్లి వస్తదే!" అని ఏడ్చింది లక్కే. "ఉన్న ఒక్కదాన్ని కూడ చంపుకుంటమా?"

నందే అత్తని తిట్టడానికి నోరు తెరిచి మూసుకుంది. ఎందుకంటే ఆమెకీ ఒక అనుమానం పుట్టింది. బొబ్బపురుగు తిన్న కోడిపిల్లలు చచ్చిపోవడం ఆమె చూసింది. గడ్డిలో కలిసి కడుపులోకి పోతే మేక పడిపోతుంది. ఇంత ఒళ్ళు కాల్చిన విషం పాలల్లోకి దిగలేదని నమ్మకమేముంది? తల్లి వచ్చిందంటే పాలు పనికిరావు. పురుగంటే? అప్పుడైనా పనికొస్తాయో రావో ఆమెకి తెలియదు. అడగడానికి మనిషి లేడు. ఆ తర్వాత పిండిన పాలు తనే మట్టిలో పోసింది. నొప్పికి ఓర్వలేక అది కూడా మానేసింది.

దొర్లలు ఆవుని పితకరు. ఆవు పాలు దూడవి. దూడ నోటి దగ్గర లాక్కోవడం వాళ్ళ దృష్టిలో దొంగతనం. కోంటలో తెలుగు షావుకార్ల ఇళ్ళలో పాలుంటాయి, కానీ కోంట రెండు రోజుల నడక. ఇప్పగుంపులో అయిదు నెలల బిడ్డకి తల్లి తప్ప పాలు లేవు.

"సుక్కి ఏం తాగుతంది?" అని మంచె కింద నుంచి అరిచింది.

కంప దగ్గర కేసా, పక్కనే కావలి హడ్మా ఉన్నారు. కేసా ఒకసారి హడ్మా వైపు చూసి, "జావ! జావ తాగుతంది! మంచిగ ఉన్నది!" అని అరిచాడు.

"పళ్ళు లేని పిల్లకి జావేందయ్యా! ఏడుత్తందా?"

"లేదు! ఏడుత్తలేదు!"

ఆకలితో ఉన్న బిడ్డ ఏడవడం లేదంటే ఏడ్చే ఓపిక లేదని అర్థం. నందే అలాగే అర్థం చేసుకుంది. ఏ తల్లయినా అలాగే అర్థం చేసుకుంటుంది.

మర్నాడు ఆమె బంగళాకి బయల్దేరింది. ఒక్క మాట కావాలి. మున్షీ వచ్చి కంప ఇవతల నిలబడి, "ఈమె చేత పురుగులు ఏరించింది నేనే," అంటే చాలు. ఆమె మాట నమ్మని ఊరు సర్కారు మాట నమ్ముతుంది.

దొర వచ్చి ఉన్నాడు. వంటింటి వెనక పొయ్యిలు మండుతున్నాయి. కొత్తగా వచ్చిన వెట్టివాళ్ళెవరో నీళ్ళు మోస్తున్నారు. నందే వెనక కంచె పట్టుకుని నిలబడింది. సుందరరావు ఆమెని చూసి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ఎందుకొచ్చావే? ఆ మొహం వేసుకుని ఇక్కడికి ఎందుకొచ్చావ్?"

"దొరా, ఊళ్ళెకి రానిస్తలేరు. అమ్మవారంటన్నరు. బిడ్డ లోపలున్నది. పాలు లేవు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు దొరా. నువ్వే పురుగులేరించినవని చెప్పు."

"మెల్లిగా మాట్లాడు!"

"రెండు కోసులు. పోయి మల్లొద్దువు."

"దొరగారిని వదిలి నేనెక్కడికొస్తానే?" అతను వెనక్కి చూసి గొంతు తగ్గించాడు. "పోనీ, వచ్చాననుకో. చెప్పాననుకో. ఎవరు ఏరించారంటారు. పాలిచ్చే తల్లిని వెట్టికి పిలిచావా అని రేపు దొరగారే అడుగుతారు. నేనేం చెప్పాలి?"

"ఏరించింది నిజమే గద దొరా."

సుందరరావు బొబ్బలకేసి చూశాడు, చూపు తిప్పుకున్నాడు. జేబులోంచి చిన్న కొబ్బరినూనె సీసా తీసి కంచె మీద పెట్టాడు. "ఇది రాసుకో. పో తల్లీ, పో. ఎవరన్నా నిన్ను చూసి మశూచి అన్నారంటే నన్నే కాదు, నిన్నూ బతకనివ్వరు."

కంచె సందులోంచి వరండా కనిపిస్తోంది. పొడుగాటి తెల్లమనిషి ఒకడు మెట్లు దిగి, గులాబీ ముందు నడుం వంచి, కళ్ళు మూసుకుని వాసన చూస్తున్నాడు. అరిస్తే వినపడే దూరం. నందే గొంతు సంతకి సంతంతా వినపడే గొంతు. కానీ ఏ భాషలో అరవాలి? అరిచినా మధ్యలో నిలబడి అర్థం చెప్పేవాడు సుందరరావే. ఆమె నోరు తెరవలేదు. ఆ దొరకి ఈ సంగతేమీ తెలియదు. పాపం, తెలియదు అనడం మన అలవాటు. తెలియకుండా ఉండడానికి అతని చుట్టూ ఎంతమందిని జీతమిచ్చి పెట్టుకున్నారో ఎవరూ అడగరు.

నూనె సీసా కంచె మీదే వదిలేసి నందే తిరిగొచ్చింది.

ఆ మర్నాడు పొద్దున్న సుక్కి ఏడుపు సన్నగా వినిపించి, ఒక్కసారిగా ఆగిపోయింది. మంచె కింద కూర్చున్న నందే లేచింది. చేలోంచి నడిచి, బండ దాటి, రేగుకంపని కాలితో తొక్కుకుంటూ ఊళ్ళోకి నడిచింది. పగిలిన కుండ కాలికి తగిలి దొర్లింది. హడ్మా ఈటె ఎత్తాడు. ఆమె ఆగకపోయేసరికి ఈటె పారేసి, "వచ్చింది! లోపలికొచ్చింది!" అని అరుస్తూ పరిగెత్తాడు.

కావలి దాటి తల్లి ఊళ్ళోకి వస్తే చెయ్యాల్సింది ఒక్కటే, ఊరు వదిలెయ్యడం. ఆమె ఇంటికి చేరేలోపు ఇరవై ఇళ్ళ జనం పిల్లల్ని చంకనేసుకుని, ధాన్యం బుట్టలు నెత్తినెత్తుకుని, మేకల్ని తోలుకుంటూ అడవిలో పడ్డారు. ఎవరూ ఆమెని కొట్టలేదు, తిట్టలేదు. ఆమెకేసి చూసినవాళ్ళు కూడా లేరు.

లక్కే గుమ్మంలో కూర్చుంది. "నేనెక్కడికి పోత? నడుమొంగదు," అంది. కేసా పెరట్లోంచి వచ్చాడు. అతని చేతుల్లో సుక్కి ఉంది. బిడ్డ నిద్రపోతోంది. బుగ్గలు నిండుగానే ఉన్నాయి. పెదవి చివర ఆరిన పాలచుక్క.

నందే ఆ చుక్కకేసి చూసింది.

"ఎందుకొచ్చినవే!" అన్నాడు కేసా. "భీమే ఇస్తంది పాలు! మొదటి దినం నుంచి దొంగతనంగ ఇస్తంది. ఇప్పుడే ఇచ్చి పోయింది, పెరటి కాడ!"

భీమే హడ్మా భార్య. ఆమెకి చంటిబిడ్డ ఉన్నాడు.

"నాకు చెప్పొద్దా?" అంది నందే. "మంచిగ ఉన్నది, మంచిగ ఉన్నది అంటవి. భీమే ఇస్తందని ఒక్క మాట అనరాదా?"

"ఎట్ల అనాలె? కంప కాడ నా పక్కన నిలబడ్డది ఆమె మొగుడే గద!"

నందే బిడ్డని అందుకుని అరుగు మీద కూర్చుంది. పొద్దెక్కేసరికి సుక్కి లేచి రొమ్ము వెతుక్కుంది. బొబ్బలు చితికిన చోట ఇంకా పచ్చిగానే ఉంది. నందే కళ్ళు మూసుకుని పట్టించింది. బిడ్డ లాగింది, వదిలింది, మళ్ళీ లాగింది, ఏడ్చింది. రెండో వైపు మార్చింది. పాలు లేవు. మూడు రోజులు బిడ్డ నోరు తగలని పాలు ఎక్కడికి పోతాయో అక్కడికే పోయాయి. ఉన్న ఒక్క పాలమనిషినీ ఆమె కాళ్ళే ఊళ్ళోంచి తరిమేశాయి.

ఖాళీ ఊళ్ళో ఆ ఏడుపు చాలాసేపు వినిపించింది. లక్కే గంజినీళ్ళు పట్టబోతే ఉమ్మేసింది. కేసా చూడలేక అడవిలోకి పరిగెత్తాడు. పొద్దు వాలే వేళకి తిరిగొచ్చి వాకిట్లో దూరంగా నిలబడ్డాడు.

"దొరికిన్రు. వాగు మలుపు కాడ గుడిసెలేస్తన్నరు," అన్నాడు. "భీమే ఏడ్చింది. ఇన్నాళ్ళు ఇచ్చినట్టు చెప్పేసింది. హడ్మా కొట్టబోతే వడ్డె మామ ఆపిండు. ఇన్నాళ్ళు ఇస్తే రాని తల్లి ఇప్పుడెందుకొస్తదని."

"అయితే?"

"బిడ్డనిస్తే తీసుకుంటమన్నరు. నాలుగు దినాలు విడిగుడిసెల ఉండి నేను దాన్ని ఎత్తుకొని ఉండాలె, భీమే వచ్చి పాలిచ్చి పోతది. నిన్ను రావద్దన్నరు. బిడ్డని నీ చేతి నుంచి నా చేతికి తీసుకోవద్దన్నరు."

నందే లోపలికి వెళ్ళి కొత్త టేకాకులు నాలుగు తెచ్చి వాకిట్లో పరిచింది. వాటి మీద సుక్కిని పడుకోబెట్టింది. బిడ్డ ఆమె వేలు పట్టుకుని వదల్లేదు. బొబ్బ చితికిన వేలే అది. వేలు మెల్లగా లాక్కుంది. పది అడుగులు వెనక్కి నడిచి చింతమాను మొదట్లో నిలబడింది. కేసా వచ్చి పసుపునీళ్ళు బిడ్డ మీద చిలకరించి, ఆకులతో సహా ఎత్తుకున్నాడు. నీళ్ళు చల్లగా తగిలి సుక్కి కెవ్వుమంది. ఆ కెవ్వు వాగు వైపు పోతూ పోతూ చిన్నదైంది.

ఊరు ఇరవై రోజులు అడవిలోనే ఉంది. కాపలా లేని చేలల్లో పందులు పడ్డాయి. కంది సగం పోయింది. నందే, లక్కే ఇద్దరూ డబ్బాలు కొట్టి, కేకలు పెట్టి కాయగలిగినంత కాశారు. ఇద్దరు ఆడవాళ్ళు ఎన్ని చేలని కాస్తారు?

బొబ్బలు ఆరాయి. పొరలు ఊడి, కింద లేత చర్మం వచ్చింది. గుంటలు పడలేదు. గోధుమరంగు చారలు మాత్రం మిగిలాయి. వడ్డె మాసా ముందుగా ఒక్కడే వచ్చాడు. ఆమె చెంప చూశాడు, అరిచేతులు చూశాడు, అరికాళ్ళు ఎత్తించి చూశాడు.

"తల్లి కాదు," అన్నాడు చివరికి.

"నేను చెప్పిన గద మామా."

"చెప్పినవ్." ముసలాయన నేల మీద చతికిలబడ్డాడు. "చేత్తో ఏరమన్నరంటే ఎట్ల నమ్మాలె బిడ్డా? మనిషన్నవాడు చెప్పే పనేనా అది?"

మర్నాడు ఊరు తిరిగొచ్చింది. కంది పోయినవాళ్ళు ఆమె ఇంటి ముందు నుంచి మొహం తిప్పుకుని పోయారు. బంగళాకి పోయి మున్షీని అడుగుదామని ఒకరూ అనలేదు. అడిగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. దొర ఎప్పుడో వెళ్ళిపోయాడు. సుందరరావుకి బదిలీ వచ్చిందో లేదో ఇప్పగుంపులో ఎవరికీ తెలియలేదు.

భీమే సుక్కిని ఎత్తుకుని వచ్చింది. బిడ్డ ఒళ్ళు చేసింది. నందే అరుగు మీద కూర్చుని చేతులు చాపింది. సుక్కి ఆ చేతులకేసి, ఆ చారల మొహంకేసి వింతగా చూసింది. ఒళ్ళోకి తీసుకుని రొమ్ము అందిస్తే రెండుసార్లు చప్పరించి, మొహం తిప్పుకుని, వెనక్కి విరుచుకుని గుక్కపట్టింది.

"కొత్త చేసింది, అంతే అక్కా," అంది భీమే కంగారుగా. "రెండు దినాలు పోతే అదే వస్తది. నీకూ పాలు పడతయి. పిల్లితేగ గడ్డ ఉడకేసి తిను, పడతయి."

"పడతయి లే," అంది నందే.

బిడ్డ ఏడుపు ఆగలేదు. భీమే రవిక లేని గుండె మీది గుడ్డ తడిసిపోయింది. ఆమె లేచి వెళ్ళిపోదామని ఒకసారి, కూర్చుందామని ఒకసారి కదిలింది. నందే అరుగు మీంచి దిగి, భీమే ముందు కూర్చుని, సుక్కిని తనే ఆమె ఒళ్ళో పెట్టింది. ఏడుపు ఆగింది. లోపల్నుంచి లక్కే, "రొమ్ము పట్టిందా? తాగుతందా?" అని అడిగింది.

"తాగుతంది అత్తా," అంది నందే.